పిల్లాడు లావైపోతున్నాడు. తప్పు తిండిదా, ఆటదా, మా జీతాలదా?

నిద్రలేనమ్మ | శనివారం రాత్రి 11:48

అందరికీ నమస్తే. చాన్నాళ్లుగా ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. మా వాడికి తొమ్మిదేళ్లు. నిన్న స్కూల్లో ఎత్తూ బరువూ చూశారంట. చూసినవాళ్లు రాసుకుని ఊరుకోకుండా నంబర్ పైకి చదివారంట క్లాసంతా వినేలా, వెనకాల నుంచి ఎవడో "మిషన్ విరిగిందా సార్" అన్నాడంట, అందరూ నవ్వారంట. ఇంటికొచ్చి బ్యాగ్ ఒక మూల విసిరేసి ఏమీ తిననన్నాడు. రాత్రి పదింటికి నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి వంటింట్లో చీకట్లో నిలబడి బిస్కెట్లు తింటున్నాడు. లైటేస్తే పాకెట్ వీపు వెనక్కి పెట్టేసుకున్నాడు. తిన్నందుకు కాదండీ, ఆ దాచుకోవడం చూసిన దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు.

మా ఆయనవీ నావీ షిఫ్ట్ డ్యూటీలు. నాలుగు నుంచి రాత్రి దాకా వాడొక్కడే ఇంట్లో, తలుపేసుకుని ఉండమని చెప్తాం, బయటికెళ్తే ట్రాఫిక్. అత్తగారేమో తినే పిల్లాణ్ని ఆపకు, ఎదిగితే అదే సర్దుకుంటుంది అంటారు. తోటికోడలేమో మీరు వండి పెట్టరు అందుకే అంటుంది. ఆవిడ పిల్లలు స్విమ్మింగ్‌కి వెళ్తారు, దించడానికి కారుంది, తీసుకురావడానికి మనిషుంది.

అసలు దీనికి కారణం తిండా, ఆట లేకపోవడమా, చేతిలో డబ్బు లేకపోవడమా? ఒక్కదాంతో మొదలుపెట్టాలంటే దేంతో?

ఉక్కుకండ | ఆదివారం ఉదయం 6:10

సింపుల్ అండి. తిండి తగ్గించండి, రోజూ గంట పరిగెత్తించండి, మూడు నెలల్లో తేడా కనిపిస్తుంది. మా చిన్నప్పుడు క్లాసుకి ఒక్కడుండేవాడు లావుగా, ఇప్పుడు సగం మంది. అంతా ఫోన్లు, బద్ధకం. ఇక డబ్బు లేక లావవడం ఏంటో నాకర్థం కాదు, డబ్బు లేకపోతే సన్నబడాలి గదా.

లెక్కలమనిషి | ఆదివారం ఉదయం 9:25

ఉక్కు అన్నా, పొద్దున్నే ఆరింటికి లేచి ఇదా రాసేది 🙂

బద్ధకం సంగతి తర్వాత, ముందు అంకెలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 5 నుంచి 19 ఏళ్ల వాళ్లలో ఒబేసిటీ, అంటే మితిమీరిన లావు, 1990లో 2 శాతం, 2022 వచ్చేసరికి 8 శాతం, మనుషుల్లో చెప్పాలంటే 16 కోట్ల మంది. అంత కాకపోయినా ఉండాల్సిన దానికన్నా బరువున్న ఓవర్‌వెయిట్ వాళ్లని కూడా కలిపితే 39 కోట్లు. యునిసెఫ్ 2025లో ఇచ్చిన రిపోర్ట్‌లో ఇంకో మాటుంది, స్కూల్ వయసు పిల్లల్లో బరువు చాలని వాళ్లు 9.2 శాతం, ఒబేసిటీ ఉన్నవాళ్లు 9.4. బక్కపిల్లల్ని లావుపిల్లలు దాటేయడం అదే మొదటిసారి. ముప్పై ఏళ్లలో భూమ్మీద పిల్లలందరికీ ఒకేసారి బద్ధకం పుట్టుకొచ్చిందంటే నేను నమ్మను. పిల్లలు అలాగే ఉన్నారు, వాళ్ల చుట్టూ ఉన్నది మారింది.

డబ్బు లేకపోతే సన్నబడాలన్న మాట పూర్తిగా తప్పు కూడా కాదు, అందుకే చాలామంది అక్కడే ఆగిపోతారు. బీద దేశాల్లో ముందు లావయ్యేది డబ్బున్న ఇళ్ల పిల్లలే. దేశం చేతిలో డబ్బు ఆడే కొద్దీ అది తిరగబడుతుంది, డబ్బున్నోళ్లు తేరుకుంటారు, లావు బీద ఇళ్ల మీదికి జారుతుంది. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ స్కూళ్లలో ప్రతి ఏడాదీ పిల్లల్ని కొలుస్తారు, చేరిన ఏడాది ఒకసారి, 10-11 ఏళ్లప్పుడు ఇంకోసారి. 2022-23లో ఆ పెద్ద పిల్లల్లో ఒబేసిటీ బాగా బీద ఏరియాల్లో 30.2 శాతం, బాగా ఉన్నోళ్ల ఏరియాల్లో 13.1. రెండింతల పైనే. ఒకే దేశం, అవే ఫోన్లు.

ఉక్కుకండ | ఆదివారం ఉదయం 9:41

> ఒకే దేశం, అవే ఫోన్లు

అయితే ఏంటి, బీదవాళ్లకి వండుకోవడం రాదా? కూరగాయలు చిప్స్ కన్నా ఖరీదా? కిలో లెక్కన చూడండి.

వంటింటికిటికీ | ఆదివారం ఉదయం 11:02

ఉక్కు గారూ, కడుపు కిలోల్లో నిండదు బాబూ. మీరు కిలో కీరదోసకాయ తింటే 150 కేలరీలు, అదే కిలో బిస్కెట్లలో 4,500 పైనే ఉంటాయి. చేతిలో ఉన్న డబ్బుతో నలుగురి ఆకలి తీరాలి అనుకున్న మనిషి రెండోదే కొంటుంది, అది తెలివితక్కువతనం కాదు, లెక్క తెలిసినతనం. నూనె, చక్కెర, మైదా, ఈ మూడూ కలిపిన సరుకే ప్రపంచంలో ఎక్కడైనా చవగ్గా కడుపు నింపేది, పైగా పాడవదు, పారేయక్కర్లేదు.

పారేయడం గురించి ఎవరూ మాట్లాడరు గానీ అసలు కథ అక్కడుంది. నా పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు మాకు చాలా టైట్‌గా ఉండేది. ఒకసారి నెల మొదట్లో బ్రకోలీ కొన్నా, ఎవరో మంచిదన్నారని. చిన్నది ఒక ముక్క నోట్లో పెట్టుకుని నాలిక బయట పెట్టి అలాగే కూచుంది, మింగదు, ఉమ్మదు, కళ్లల్లో నీళ్లు. మొత్తం చెత్తబుట్టలోకి పోయింది, ఆ పూట దానికి బదులు ఇంకోటి వండాలి గదా, అంటే రెండుసార్లు ఖర్చు. మళ్లీ ఏడాది దాకా కొనలేదు నేను. పిల్లలు కొత్త రుచికి అలవాటు పడాలంటే ఎనిమిది పదిసార్లు, ఒక్కోసారి పదిహేనుసార్లు పెట్టాలంటారు డాక్టర్లు. నిజమే, ఒప్పుకుంటా. ఆ పదిహేనుసార్లూ పారేసే స్తోమత ఎవరికుంది చెప్పండి? ఉన్నవాళ్లింట్లో పిల్ల కూరగాయలు తింటుందంటే సగం కారణం వాళ్లమ్మ పద్నాలుగుసార్లు పారేయగలగడమే.

నిద్రలేనమ్మ | ఆదివారం మధ్యాహ్నం 12:15

కిటికీ అక్కా, మీరు మా ఇంట్లో కెమెరా పెట్టినట్టు రాశారు. వాడు తింటాడని తెలిసినవే కొంటా నేను, అవన్నీ పాకెట్లే.

పాతబంతి | ఆదివారం మధ్యాహ్నం 3:30

ఇరవై రెండేళ్లు పీఈటీగా చేసి మొన్నే రిటైరయ్యాను. ఉక్కు గారు పరిగెత్తించండి అన్నారు, నేనూ సర్వీసులో సగం కాలం అదే అన్నాను, కాబట్టి ఆయన్ని తప్పుపట్టను.

ఒక్క విషయం చెప్తా. ఆటల పీరియడ్‌లో మేం ఆడించే ఆటలు గుర్తు చేసుకోండి. బంతి తగిలితే అవుట్, పట్టుబడితే అవుట్, కుర్చీ దొరక్కపోతే అవుట్. మొదటి రెండు నిమిషాల్లో అవుటయ్యేది ఎవరు? లావుగా ఉన్న పిల్లలే. అవుటైతే గోడ దగ్గర కూచోవాలి. పీరియడ్ నలభై నిమిషాలు, చివరిదాకా పరిగెత్తేది ఎవరయ్యా అంటే అసలు పరిగెత్తాల్సిన అవసరమే లేని బక్కపిల్లలు. ఫుట్‌బాల్ అయితే గోల్‌కీపర్ ఎప్పుడూ లావు పిల్లాడే, ఎందుకంటే "గోల్ నిండుగా ఉంటుంది" అని. ఇది నాకు పదేళ్ల సర్వీసు అయ్యాక గానీ వెలగలేదు, సిగ్గుగానే చెప్తున్నా. స్టాప్‌వాచ్ తీసుకుని ఒక పిల్లాణ్ని చూశా ఒకరోజు, పీరియడ్ మొత్తంలో వాడు కదిలింది ఆరు నిమిషాలు. ఆ తర్వాత అవుట్ ఉన్న ఆటలన్నీ తీసేశా. అవుటైతే పోయి ఒక రౌండ్ నడిచి మళ్లీ ఆటలోకి రావాలి, అంతే తేడా.

5 నుంచి 17 ఏళ్ల వాళ్లకి సగటున రోజుకి 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 11-17 ఏళ్ల వాళ్లలో 81 శాతానికి అది లేదు, 2016 నాటి లెక్క. కాబట్టి అమ్మా, మీవాడు ఒక్కడే కాదు.

లెక్కలమనిషి | ఆదివారం సాయంత్రం 5:05

మాస్టారూ మీ స్టాప్‌వాచ్‌కి దండం. కానీ బరువు విషయంలో ఆట మీద మరీ ఆశ పెట్టుకోవద్దనే చెప్తా నేను, ఇది వినడానికి చేదుగా ఉంటుంది.

ఈక్వడార్‌లో అమెజాన్ అడవి పక్కన షువార్ అనే తెగ ఉంది. వాళ్ల పిల్లలు పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటారు. వాళ్లు రోజుకి మొత్తం ఎన్ని కేలరీలు ఖర్చు చేస్తున్నారో కొలిస్తే, ఊళ్లల్లో కూచుని పెరిగే పిల్లలతో దాదాపు సమానంగానే వచ్చింది. ఒంట్లో ఒకచోట ఎక్కువ ఖర్చయితే ఇంకోచోట సర్దుకుంటుందన్నమాట. అలాగే ఇంగ్లండ్‌లో ప్లిమత్ అనే ఊళ్లో పిల్లల్ని ఏళ్ల తరబడి వెంటాడి చూశారు, ఏడేళ్ల నుంచి పదేళ్ల దాకా. కదలిక తగ్గిన పిల్లలు తర్వాత లావయ్యారా అంటే అలా తేలలేదు. తిరగేసి చూస్తే తేలింది, ముందు ఒళ్లు చేసిన పిల్లలే తర్వాత కదలడం తగ్గించారు. అంటే మనం బద్ధకం వల్ల లావు అనుకునేది చాలాసార్లు లావు వల్ల వచ్చిన కూర్చోవడం. మాస్టారు చెప్పిన గోడ దగ్గర కూచోబెట్టడం కూడా అందులో భాగమే కదా.

పాతబంతి | ఆదివారం సాయంత్రం 5:40

అయితే ఆడించొద్దంటావా?

లెక్కలమనిషి | ఆదివారం సాయంత్రం 5:44

అయ్యో అలా అన్లేదు మాస్టారూ. బరువు తగ్గడానికి అని ఆడిస్తే నెల తర్వాత మిషన్ ఎక్కించి తగ్గలేదని ఆపేస్తారు, అదే నా భయం.

చిన్నడాక్టరు | ఆదివారం రాత్రి 9:50

పిల్లల డాక్టర్ని. ఆన్‌లైన్‌లో వైద్యం చెయ్యను గానీ కొన్ని మాటలు చెప్పాలి.

అమ్మా, మీవాడి బరువు ఎంత అనేది నేను అడగను, ఎందుకంటే ఆ ఒక్క నంబర్‌తో ఏమీ తెలీదు. బీఎంఐ అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క, పెద్దవాళ్లకైతే అందులో 25, 30 అని గీతలున్నాయి, పిల్లలకి అవి పనికిరావు. పుట్టిన కొత్తలో పెరిగి, తర్వాత తగ్గి, ఐదారేళ్లప్పుడు మళ్లీ పైకి తిరుగుతుంది పిల్లల బీఎంఐ. అందుకే వయసూ, ఆడా మగా చూసి చార్ట్ మీద చుక్క పెట్టాలి, ఒక చుక్క కాదు, రెండు మూడేళ్ల చుక్కలు. గీత వెంబడి పోతున్నాడా, గీతలు దాటుకుంటూ పైకి పోతున్నాడా అన్నది అసలు విషయం. స్కూల్లో నంబర్ పైకి చదవడం ఎవరికీ ఉపయోగం లేని పని, చదివినాయన కూడా ఆ నంబర్‌తో ఏం చెయ్యలేడు.

ఇంట్లో మీరు చూడగలిగేవి: ఎత్తు పెరగడం ఆగిపోయి బరువు మాత్రమే పెరుగుతుంటే తప్పక చూపించండి. తిండి వల్ల ఒళ్లు చేసిన పిల్లలు మామూలుగా వయసుకి కాస్త పొడుగ్గానే ఉంటారు, పొట్టిగా ఉండి లావవుతుంటే థైరాయిడ్ లాంటివి వెతకాలి. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా మఖమల్ గుడ్డలా ఉంటే ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యట్లేదని గుర్తు. చాలామంది అది మురికనుకుని పీచు పెట్టి రుద్దుతారు, పాపం పిల్లలు ఏడుస్తారు, రుద్దితే పోదు. రాత్రి గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయితే చూపించాలి. తుంటి గానీ మోకాలు గానీ నొప్పని కుంటుతుంటే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, వెంటనే.

ఇంకోటి, తొమ్మిదేళ్ల పిల్లాడు బరువు తగ్గాలని లేదు చాలాసార్లు. పెరగడం కాస్త నెమ్మదిస్తే ఎత్తు వచ్చి కలుపుకుంటుంది. అత్తగారి మాటలో అంతవరకు నిజం ఉంది, కాకపోతే "అదే" సర్దుకోదు.

ఆటకి నా ఓటు మాస్టారికే. బరువు ఒక్క గ్రాము కదలకపోయినా బీపీ, ఇన్సులిన్, ఎముకలు, నిద్ర, మూడ్ అన్నీ బాగుపడతాయి. మిషన్ మీద కనిపించవు అంతే.

ఉక్కుకండ | ఆదివారం రాత్రి 10:20

సరే డాక్టర్ గారూ మీరు చెప్తే వింటా. కానీ ఇంత కాంప్లికేటెడ్‌గా చెప్తే ఆవిడ రేపు పొద్దున ఏం చెయ్యాలి? నోరు కట్టేయకుండా ఏదీ కుదరదు. బిస్కెట్లు బీరువాలో పెట్టి తాళమెయ్యండి.

ఒకప్పటిబొద్దు | సోమవారం రాత్రి 12:33

తాళం మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా, లేకపోతే ఈ టాపిక్‌లోకి రావొద్దనుకున్నా.

మా ఇంట్లో తాళమేశారు. నాకప్పుడు పది. ఏం నేర్చుకున్నానో చెప్తా: బిస్కెట్ పాకెట్ చింపితే చప్పుడవుతుంది, అందుకని అతుకు దగ్గర గోరుతో గీకి మెల్లగా విప్పాలి, సరిగ్గా విప్పే టైమ్‌కి దగ్గాలి. రేపర్ మడిచి మడిచి బొటనవేలంత చేసి షూలో పెట్టుకుని స్కూల్ దగ్గర పారెయ్యాలి. ఒకటి దొరికితే ఒకటితో ఆగకూడదు, ఎందుకంటే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలీదు. ఈ ఆఖరిది ఇప్పటికీ పోలేదు నాకు, 34 ఏళ్లు, నా జీతం నాది, నా ఫ్రిజ్ నాది, అయినా ఎవరో లాక్కుంటారన్నట్టు తింటా. లావు తగ్గింది ఎప్పుడో. ఇది మిగిలింది.

ఆ మిషన్ జోకేసినవాడు పెద్దయ్యాక మర్చిపోతాడక్కా. మీవాడు మర్చిపోడు. బిస్కెట్లు తింటే తిననీ, కానీ లైటేసి తిననీ.

వంటింటికిటికీ | సోమవారం ఉదయం 7:15

ఏం నాయనా, పొద్దున్నే ఏడిపించావు.

చిన్నడాక్టరు | సోమవారం ఉదయం 8:05

బొద్దు గారు చెప్పింది అనుభవమే కాదు, పరీక్షించి చూసిన విషయం కూడా. చిన్నపిల్లల ముందు ఒక తినుబండారం కనపడేలా పెట్టి కాసేపే తీసుకోనిచ్చి మిగతా టైమ్ అడ్డుకుంటే, వాళ్లు దాని గురించే మాట్లాడటం, దాన్నే అడగటం పెరిగింది, అడ్డు లేనిదాని మీద అంత మోజు రాలేదు. ఇంట్లో ఉంచి తాళమెయ్యడం కన్నా ఇంటికి తక్కువ తేవడం నయం. ఏం వండాలి, ఏ టైమ్‌కి తినాలి, ఎక్కడ కూచుని తినాలి అనేది పెద్దవాళ్ల పని. ఎంత తినాలి, అసలు తినాలా వద్దా అనేది పిల్లాడి పని. ఈ రెండూ కలిపేస్తేనే గొడవ.

లెక్కలమనిషి | సోమవారం ఉదయం 10:40

రేపు పొద్దున ఏం చెయ్యాలి అన్న ఉక్కు అన్న ప్రశ్న కరెక్టే, నా జవాబు తాగేవాటితో మొదలుపెట్టమని.

కారణం ఉంది. నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లల్ని, ఎక్కువమంది మామూలు బరువున్నవాళ్లే, తీసుకుని రోజూ స్కూల్లో 250 మి.లీ. డ్రింక్ ఇచ్చారు, సగం మందికి చక్కెర ఉన్నది, సగం మందికి లేనిది, రుచి దాదాపు ఒకటే, ఎవరిది ఏదో పిల్లలకీ తెలీదు కొలిచేవాళ్లకీ తెలీదు. 18 నెలలయ్యాక చూస్తే చక్కెర తాగినవాళ్లు రెండోవాళ్ల కన్నా దాదాపు ఒక కిలో ఎక్కువ పెరిగారు. 2012లో వచ్చింది ఇది. రోజుకి ఒక్క చిన్న డబ్బా, ఇంకేమీ మార్చలేదు. నమిలి తిన్న తిండి కడుపుకి గుర్తుంటుంది, తాగింది గుర్తుండదు, ఆ కేలరీలకి బదులుగా పిల్లలు తిండి పెద్దగా తగ్గించుకోరు.

330 మి.లీ. మామూలు కూల్ డ్రింక్‌లో 35 గ్రాముల దాకా చక్కెర, చెంచాలు లెక్కేస్తే తొమ్మిది. ఎవరైనా గ్లాసు నీళ్లల్లో తొమ్మిది చెంచాలేసి పిల్లాడికిస్తే కొట్టడానికి పోతాం. చల్లగా బుడగలతో ఇస్తే ట్రీట్ అంటాం.

నిద్రలేనమ్మ | సోమవారం మధ్యాహ్నం 2:10

మేం కూల్ డ్రింక్‌లు పెద్దగా కొనం అండి. పళ్లరసం డబ్బా ఉంటుంది ఎప్పుడూ, లీటర్‌ది, వాడు స్కూల్ నుంచి రాగానే తాగుతాడు. అది మంచిదే కదా?

చిన్నడాక్టరు | సోమవారం మధ్యాహ్నం 2:31

డబ్బా వెనక్కి తిప్పి చూడండి, 100 మి.లీ.కి చక్కెర ఎంతుందో.

నిద్రలేనమ్మ | సోమవారం మధ్యాహ్నం 2:50

11 గ్రాములు. కూల్ డ్రింక్‌కి ఎంతన్నారు?

లెక్కలమనిషి | సోమవారం మధ్యాహ్నం 2:52

10.6 🙂

నిద్రలేనమ్మ | సోమవారం మధ్యాహ్నం 2:53

దేవుడా.

నిద్రలేనమ్మ | సోమవారం మధ్యాహ్నం 2:58

పైన పళ్ల బొమ్మలు, చెట్టు బొమ్మ, విటమిన్ సి అని పెద్దక్షరాలు. నేను పళ్లు కొనలేకపోతున్నానే అని గిల్టీగా ఫీలయ్యి దాని బదులు ఇది కొంటున్నా రెండేళ్లుగా.

వంటింటికిటికీ | సోమవారం సాయంత్రం 4:00

నిన్ను నువ్వు తిట్టుకోకు తల్లీ. అది నీకోసమే, నీలాంటి అమ్మల గిల్టీ కోసమే తయారు చేసిన డబ్బా. పండులో పీచుంటుంది, నమలాలి, ఒకటి తినేసరికి చాలనిపిస్తుంది. రసంలో నాలుగు పళ్ల తీపి రెండు గుటకల్లో దిగుతుంది.

ఉక్కుకండ | సోమవారం సాయంత్రం 6:30

ఇది నాక్కూడా తెలీదు, ఒప్పుకుంటున్నా. జిమ్ తర్వాత నేనూ అదే తాగుతా. కానీ ఇప్పుడు మీరంతా కలిసి గవర్నమెంట్ టాక్స్ వెయ్యాలి అంటారు చూడండి, అక్కడ నేను ఒప్పుకోను. బీదవాడి నోటి దగ్గర డబ్బు లాక్కోవడం అది.

లెక్కలమనిషి | సోమవారం రాత్రి 8:15

అన్నా నువ్వే తలుపు తీశావు. బ్రిటన్‌లో చక్కెర కూల్ డ్రింక్‌ల మీద టాక్స్ 2016లో ప్రకటించి 2018 ఏప్రిల్ నుంచి వసూలు చేశారు, 100 మి.లీ.లో 5 గ్రాములు దాటితే ఒక రేటు, 8 దాటితే ఇంకో రేటు. దాన్లో కిటుకేంటంటే టాక్స్ కొనేవాడి మీద కాదు కంపెనీ మీద, చక్కెర తగ్గిస్తే తప్పించుకోవచ్చు. మధ్యలో రెండేళ్ల టైముంది, చాలా కంపెనీలు అమలయ్యేలోపే చక్కెర తగ్గించేశాయి. తర్వాత లెక్క చూస్తే 10-11 ఏళ్ల ఆడపిల్లల్లో ఒబేసిటీ, టాక్స్ లేకపోతే ఉండాల్సిన దానికన్నా 8 శాతం తక్కువుంది, ఎక్కువ లాభం బీద ఏరియాల్లోనే. మగపిల్లల్లో ఆ తేడా కనపడలేదు, అది కూడా చెప్పాలి. మెక్సికోలో 2014లో లీటర్‌కి ఒక పెసో వేశారు, అక్కడా కొనడం ఎక్కువ తగ్గింది తక్కువ ఆదాయం వాళ్లలోనే. డబ్బు లాక్కోవడమా మంచి చేయడమా అనేది నువ్వూ నేనూ రాత్రంతా కొట్టుకోవచ్చు.

ఉక్కుకండ | సోమవారం రాత్రి 8:40

అయితే డబ్బే చేతికివ్వండి, టాక్సులెందుకు?

లెక్కలమనిషి | సోమవారం రాత్రి 9:30

అది కూడా జరిగింది, ఎవరూ ప్లాన్ చెయ్యకుండానే. అమెరికాలో నార్త్ కరోలినాలో చెరోకీ తెగవాళ్లు 1990లలో కాసినో పెట్టి లాభాలు ఇంటింటికీ పంచారు, పెద్దలందరికీ సమానంగా. ఆ ఇళ్ల పిల్లలు పెద్దయ్యాక చూస్తే, మొదట్నుంచీ బాగా బీదగా ఉన్న ఇళ్ల పిల్లల బరువు పెరిగింది, కాస్త కలిగిన ఇళ్ల పిల్లలది తగ్గింది. అలాస్కాలో చమురు డబ్బు ప్రతి ఏడాదీ అందరికీ పంచుతారు, అక్కడ చిన్నపిల్లల్లో చూస్తే ఒబేసిటీ తగ్గింది. ఒకచోట అలా ఒకచోట ఇలా. చేతికి నోటు రాగానే సాయంత్రం నాలుగింటికి ఇంట్లో మనిషి ప్రత్యక్షమవడు కదా.

పాతబంతి | సోమవారం రాత్రి 10:05

ఆ నాలుగింటి మాటే నేను అనబోతున్నా. నా సర్వీసులో ప్రతి ఏడాదీ చూసేవాణ్ని, సెలవుల తర్వాత స్కూల్ తెరిచిన రోజు యూనిఫామ్ బొత్తాలు పట్టని పిల్లలు ఎంతమందో. స్కూల్ టైమ్‌లో వాడు కూచునే ఉంటాడు గదా, మరి సెలవుల్లో ఎందుకు లావవుతాడు అని ఆశ్చర్యం వేసేది.

లెక్కలమనిషి | సోమవారం రాత్రి 10:20

మాస్టారూ, దానికి పెద్ద స్టడీనే ఉంది. అమెరికాలో 18 వేల మందికి పైగా పిల్లల్ని ఒకటో తరగతి ముందు నుంచి రెండో తరగతి అయ్యేదాకా కొలిచారు, బడి తెరిచినప్పుడూ మూసినప్పుడూ. ఒబేసిటీ పెరిగిందంతా మధ్యలో ఉన్న రెండు వేసవి సెలవుల్లోనే, బడి నడిచిన నెలల్లో పెరగలేదు. బడి గొప్పదని కాదు. అక్కడ ఏ టైమ్‌కి తినాలో గంట కొడతారు, మధ్యలో చేతికి పాకెట్ అందదు, పొద్దున లేవాలి కాబట్టి రాత్రి పడుకుంటారు. సెలవుల్లో ఈ మూడూ పోతాయి. ఉన్నోళ్లు ఆ ఖాళీని కొనుక్కుంటారు, క్యాంపులూ స్విమ్మింగూ ట్యూషనూ.

పాతబంతి | సోమవారం రాత్రి 10:31

అయితే అమ్మా, మీవాడికి రోజూ నాలుగు నుంచి రాత్రి దాకా ఒక చిన్న వేసవి సెలవు నడుస్తోంది. తిండి, ఆట, డబ్బు అని మూడడిగారు, నాకు మూడూ ఆ గంటల్లోనే కనపడుతున్నాయి.

స్కూల్ గ్రౌండ్ బడి అయ్యాక తెరిచి ఉంచమని అడగండి. ఒక్కరే వెళ్తే వినరు, మీలాంటి షిఫ్టుల వాళ్లని ఇంకో నలుగురిని కూడగట్టండి. కోచింగ్ అక్కర్లేదు, ఒక బంతి, ఒక పెద్దమనిషి కుర్చీ వేసుకుని కూచుంటే చాలు. రిటైరయినోళ్లు ఎక్కడైనా ఉంటారు, ఇంట్లో ఊసుపోక చచ్చిపోతుంటారు, నన్ను చూడండి.

చిన్నడాక్టరు | సోమవారం రాత్రి 11:10

మాస్టారి మాటకి నాదో బాధ కలుపుతా. అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ 2023లో కొత్త గైడ్‌లైన్స్ ఇచ్చింది, కుటుంబం మొత్తాన్ని కూచోబెట్టి తిండి, కదలిక నేర్పించడం 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటలు జరగాలి, అప్పుడే ఫలితం అని. నేనూ నమ్ముతా. కానీ నా ఎదురుగా కూచునే తల్లి రెండు గంటలు పర్మిషన్ పెట్టి, జీతం కోయించుకుని వచ్చింది. ఆవిడకి 26 గంటలని చెప్పడానికి నాకు నోరు రాదు. కార్లో వచ్చినవాళ్లకి చెప్తా, వాళ్లు వస్తారు, వాళ్ల పిల్లలు బాగుపడతారు, గ్రాఫ్‌లో ఉన్నోళ్ల గీతా లేనోళ్ల గీతా ఇంకొంచెం దూరం జరుగుతాయి.

మళ్లీ మన పిల్లాడి దగ్గరికి. రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు?

నిద్రలేనమ్మ | మంగళవారం ఉదయం 6:45

మేమొచ్చేదాకా మేలుకునే ఉంటాడండి. పదకొండు అవుతుంది. ఆరున్నరకి లేపుతా.

చిన్నడాక్టరు | మంగళవారం ఉదయం 7:20

ఏడున్నర గంటలు. ఆ వయసుకి 9 నుంచి 12 కావాలి. నిద్ర చాలని పిల్లలు మర్నాడు ఎక్కువ తింటారు, అదీ తీపివే ఎక్కువగా. రాత్రి మేలుకునే గంటల్లోనే కదా ఆ బిస్కెట్లు.

ఉక్కుకండ | మంగళవారం ఉదయం 7:35

వాడు మీకోసం మేలుకుంటున్నాడు మేడం. మొదట రాసింది వెనక్కి తీసుకుంటున్నా, అంత సింపుల్ కాదు. పరిగెత్తించాలి అన్నది మాత్రం వెనక్కి తీసుకోను 🙂

నిద్రలేనమ్మ | 26 రోజుల తర్వాత, ఆదివారం రాత్రి 10:15

చాలామంది మెసేజ్ పెట్టారు ఏమైందని. పెద్దగా ఏమీ కాలేదండి, అయినా రాస్తున్నా.

రసం డబ్బా కొనడం ఆపేశా. మొదటి వారం నరకం, రెండో వారం అడగడం మానేశాడు. ఆ డబ్బుతో పళ్లు కొంటున్నా, అన్ని రావు, రోజుకొకటి వస్తుంది, రాగానే తినమని బల్ల మీద పెట్టి పోతున్నా. బిస్కెట్లు ఉన్నాయి, తాళం లేదు. మా ఆయన షిఫ్ట్ మార్చుకోగలిగాడు వారంలో మూడు రోజులు, ఆ మూడు రోజులూ పిల్లాడు తొమ్మిదిన్నరకి పడుకుంటున్నాడు, మిగతా రోజులు మామూలే. మెడ వెనక చూశా, మామూలుగానే ఉంది. డాక్టర్ దగ్గరికి వచ్చే నెల నా ఆఫ్ రోజుకి రాయించుకున్నా. మిషన్ ఎక్కించలేదు.

గ్రౌండ్ సంగతి, మేం ఐదుగురం వెళ్లి అడిగాం, ఆలోచిస్తాం అన్నారు. రెండుసార్లు వెళ్లినా అదే మాట. మూడోసారి కూడా వెళ్తాం. నంబర్ పైకి చదవొద్దని కాగితం రాసిచ్చా, తీసుకున్నారు, జవాబు లేదు. పై పోర్షన్లో ఒక తాతగారు ఉంటారు, మాస్టారి మాట గుర్తొచ్చి అడిగా, సాయంత్రం మెట్లు దిగి ఎక్కడానికి తోడు కావాలంట ఆయనకి, మోకాళ్లు నొప్పులంట. ఇప్పుడు మావాడు ఆయన్ని నడిపిస్తున్నాడు. ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో తెలీదు గానీ రోజూ ఐదింటికి చెప్పులేసుకుని రెడీగా ఉంటాడు.

బొద్దు తమ్ముడూ, నీకు చెప్పాలి ఇది. మొన్న రాత్రి నేనొచ్చేసరికి వంటింట్లో ఉన్నాడు మళ్లీ. లైటేసే ఉంది. పాకెట్ చేతిలోనే ఉంది, దాచలేదు, "అమ్మా, ఇంక రెండే ఉన్నాయి, నీకొకటి" అన్నాడు.

ఒకప్పటిబొద్దు | ఆదివారం రాత్రి 10:41

తిన్నారా?

నిద్రలేనమ్మ | ఆదివారం రాత్రి 10:42

తిన్నా.